సెల్లార్ గోడ పగుళ్లలోంచి నీళ్లు: ప్లాస్టరింగా, గ్రౌటింగా, బయట తవ్వడమా?

కొండాపూర్_కార్యదర్శి:

హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, కింద ఒక సెల్లార్. కట్టి ఏడేళ్లయింది. సెల్లార్ చుట్టూ ఆర్‌సీసీ రిటైనింగ్ వాల్. డ్రాయింగు ప్రకారం మందం 250 మి.మీ., ఎత్తు పది అడుగులు. పైన గ్రౌండ్ ఫ్లోర్ స్లాబుతో కలిసి ఉంది. లీకులన్నీ ఉత్తరం గోడలోనే.

నిలువు పగుళ్లు మూడున్నాయి, ఒక్కోదానికీ మధ్య నాలుగు మీటర్ల దూరం. నేల దగ్గర మొదలై ఏడడుగుల ఎత్తుకు వెళ్లేసరికి సన్నబడి కనిపించకుండా పోతున్నాయి. గట్టి వాన పడితే మూడు నాలుగు గంటల్లో కారడం మొదలవుతుంది, వాన ఆగాక రెండ్రోజులు తడి ఆరదు. గోడా నేలా కలిసే చోట పన్నెండు మీటర్ల పొడవునా ఊట ఉంది. ఇవికాక గోడ మీద అక్కడక్కడ రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చలు, వాటి నడిమి నుంచి చుక్కలు. ఈశాన్య మూల మాత్రం వానతో పని లేకుండా ఏప్రిల్‌లో కూడా తడిగానే ఉంటోంది.

అన్నిచోట్లా తెల్లటి సున్నం పేరుకుంది. తుప్పు మరకలు లేవు. ఆ పక్క సెట్‌బ్యాక్ (బిల్డింగుకూ కాంపౌండ్ గోడకూ మధ్య వదిలిన ఖాళీ) రెండు మీటర్లు. సంపు, ఒక ఇంకుడు గుంత, టెర్రస్ వాననీటి పైపులు రెండు అన్నీ అక్కడే.

రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకరు గోడ మొత్తానికి వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపి ప్లాస్టరింగ్ చేస్తామంటున్నారు, చదరపు అడుగు లెక్కన. ఇంకొకరు పీయూ గ్రౌటింగ్ (పాలీయూరిథేన్ రెసిన్‌ను పంపుతో పగుళ్లలోకి ఎక్కించడం), గోడలో బిగించే ఒక్కో నాజిల్‌కు ఇంత అని. అసోసియేషన్‌లో కొందరు బయట తవ్వి గోడకు మెంబ్రేన్ (నీరు చొరని పొర) వేయించాల్సిందే అంటున్నారు. ఈ పగుళ్ల వల్ల బిల్డింగుకు ప్రమాదం ఉందా? ఏది చేయిస్తే నిలబడుతుంది? పని వానాకాలంలో చేయించాలా, ఎండాకాలంలోనా?


స్ట్రక్చరల్_డిజైన్:

ప్రమాదం సంగతి ముందు తేల్చుకుందాం. మీరు చెప్పిన నిలువు పగుళ్ల తీరు చూస్తే అవి కుదింపు పగుళ్లు. రాఫ్ట్, అంటే అడుగున పరిచిన పునాది స్లాబు, ముందే పోసి గట్టిపడి ఉంటుంది. దాని మీద గోడ పోశాక, ఆ కాంక్రీటు వేడి తగ్గుతూ ఆరుతూ పొడవులో కుంచించుకుపోవాలని చూస్తుంది. కింద రాఫ్ట్ దాన్ని కదలనివ్వదు. అందుకే పగులు అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, కొన్ని మీటర్లకొకటి చొప్పున వస్తుంది. ఇది గోడ పోసిన తొలి నెలల్లోనే అయిపోయే వ్యవహారం. నీళ్లు వస్తాయి తప్ప గోడ మోసే శక్తి తగ్గదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గోడ సగం ఎత్తులో అడ్డంగా పొడుగాటి పగులు కనిపిస్తే అది మట్టి, నీటి ఒత్తిడికి గోడ లోపలికి వంగుతున్న గుర్తు. పైన స్లాబు, కింద రాఫ్ట్ పట్టుకున్న గోడలో లాగుడు ఎక్కువగా పడేది ఆ నడుమ భాగం లోపలి ముఖం మీదే. పైన వెడల్పుగా ఉండి కిందికి సన్నబడే ఏటవాలు పగులైతే పునాది ఒక పక్క దిగుతోందేమో చూడాలి. పగులుకు అటూ ఇటూ ఉన్న ముఖాలు ఒకే మట్టంలో లేకపోయినా అంతే. వీటిలో ఏది ఉన్నా గ్రౌటింగ్ వాళ్లను కాదు, ముందు డిజైన్ ఇంజనీరును పిలవాలి.

వెడల్పు కొలవండి. క్రాక్ గేజ్ అని పారదర్శకమైన ప్లాస్టిక్ కార్డు దొరుకుతుంది, పగులు మీద పెట్టి గీతతో పోల్చడమే. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం మామూలుగా 0.3 మి.మీ. దాకా పర్వాలేదు, మట్టినీ భూగర్భ జలాన్నీ ఎప్పుడూ తాకుతూ ఉండే చోట 0.2 మి.మీ. దాటకూడదు. కొలిచిన చోట పగులుకు అడ్డంగా పెన్సిల్‌తో గీత గీసి, తేదీ, వెడల్పు రాయండి. ఆ గీత మీద పలచగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బిళ్ల వేస్తే ఇంకా మంచిది, పగులు కదిలితే అది చిట్లుతుంది. అది మాత్రం గోడ పొడిగా ఉన్న ఎత్తులో వేయాలి, తడి మీద నిలవదు. ఎండాకాలం నుంచి వానాకాలం చివరిదాకా మార్పు లేకపోతే ఆ పగులు నిద్రాణమైనదే.

తెల్ల సున్నం గురించి కంగారు పడొద్దు. కాంక్రీటులోని సున్నాన్ని నీళ్లు కరిగించి బయటికి తెస్తున్నాయి, గాలి తగలగానే అది గట్టిపడుతోంది. కానీ ఎర్రటి తుప్పు మరక కనిపించినా, సుత్తితో కొడితే డొల్ల మోగినా లోపల చువ్వ తినేస్తోందని అర్థం. అక్కడ ముందు కాంక్రీటు చెక్కి చువ్వను బాగుచేయాలి.

వచ్చే నీళ్లను ఒక తెల్ల బకెట్లో పట్టి చూడండి. మట్టి దిగుతోందా? దిగుతుంటే గోడ వెనక మట్టి కొట్టుకొస్తోంది, అక్కడ బొరియ పడుతోంది. పైన సెట్‌బ్యాక్ పేవింగ్ ఇవాళ కాకపోతే రేపు కుంగుతుంది. అలాంటి లీకును వెంటనే పట్టించుకోవాలి.

ఈశాన్య మూలది వాననీరు కాదు. ఏప్రిల్‌లో తడి ఉందంటే సంపో, మంజీరా మంచినీటి లైనో, డ్రైనేజీ చాంబరో కారుతోంది. రాత్రి మోటార్లు, లోపలికొచ్చే వాల్వు కట్టేసి సంపు మట్టం గుర్తు పెట్టండి, తెల్లవారాక చూడండి. సంపు 3 మీటర్లు బై 2 మీటర్లు ఉంటే, 10 మి.మీ. దిగిందంటే 60 లీటర్లు పోయినట్టు. వాల్వు సరిగ్గా మూసుకోకపోతే లెక్క తప్పుతుంది, అది కూడా చూసుకోండి. డ్రైనేజీ చాంబరయితే రంగునీళ్లు పోసి గోడ దగ్గర రంగు కోసం ఒకటి రెండు రోజులు కనిపెట్టండి. తాగునీటి సంపులో మాత్రం రంగు వేయొద్దు. లీకు నీటిలో క్లోరిన్ పరీక్ష చేయించవచ్చు గానీ, మట్టిలోంచి వచ్చేసరికి క్లోరిన్ పోతుంది కాబట్టి కనబడకపోతే సంపు నిర్దోషి అనుకోకూడదు.


గ్రౌటింగ్_పని:

ప్లాస్టరింగ్ కొటేషన్ పక్కన పెట్టేయండి. గోడ వెనక మూడు మీటర్ల నీళ్లు నిలబడితే అడుగున చదరపు మీటరుకు మూడు టన్నుల ఒత్తిడి. నీళ్లు వెనకనుంచి నెడుతుంటే ముందు వేసిన 20 మి.మీ. ప్లాస్టర్ గోడను అంటిపెట్టుకుని ఎంతకాలం ఉంటుంది? మొదటి వానాకాలం ఆగుతుంది, ఆ తర్వాత ఉబ్బి డొల్ల అవుతుంది. అంతకంటే నష్టం ఏమిటంటే పగులు ఎక్కడుందో కనిపించకుండా పోతుంది. తర్వాత గ్రౌటింగ్ చేయాలన్నా ఆ ప్లాస్టరంతా కొట్టేయాలి.

నీళ్లను గోడ మందం మధ్యలో ఆపాలి. అందుకే పగులు మీద నేరుగా రంధ్రం వేయరు. పక్కనుంచి 45 డిగ్రీల వాలులో వేసి, లోపల పగులును అడ్డంగా కోసేట్టు చూస్తారు. మీ గోడ 250 మి.మీ. కాబట్టి పగులుకు 125 మి.మీ. దూరంలో మొదలుపెడితే, డ్రిల్లు 175 మి.మీ. పోయాక గోడ సరిగ్గా సగం మందంలో పగులు తగులుతుంది. ఇంకో 30 మి.మీ. ముందుకు పోనిచ్చి ఆపాలి. ఒక రంధ్రం పగులుకు ఎడమ వైపు, తర్వాతది కుడి వైపు. పగులు లోపల నిటారుగానే ఉందని నమ్మకం లేదు, ఎటు ఒరిగినా సగం రంధ్రాలైనా దాన్ని పట్టుకోవాలి. రంధ్రాల మధ్య ఎత్తు తేడా 200 నుంచి 250 మి.మీ. మీ ఏడడుగుల పగులుకు పది రంధ్రాలు సరిపోతాయి.

రంధ్రంలో బిగించి రెసిన్ ఎక్కించే నాజిళ్లనే ప్యాకర్లంటారు. 13 మి.మీ. అల్యూమినియం ప్యాకర్లకు 14 మి.మీ. బిట్ వాడతాం. చువ్వ తగిలితే దాన్ని కోయొద్దు, 30 మి.మీ. పక్కకు జరిగి మళ్లీ వేయాలి. ముందే చువ్వలెక్కడున్నాయో చూపే రీబార్ లొకేటర్‌తో గీతలు గీసుకుంటే ఈ బాధ ఉండదు.

ఎక్కువ పనులు చెడేది తర్వాతి మెట్టులో. డ్రిల్లింగ్ పొడి రంధ్రంలో ఉండిపోతే నీటితో కలిసి ముద్దయి పగులు నోరు మూసేస్తుంది. పంపు ఎంత కొట్టినా రెసిన్ పోదు, పనివాడు ఒత్తిడి పెంచుతాడు, గోడ పెచ్చు లేస్తుంది. కాబట్టి ప్రతి రంధ్రాన్నీ గాలితో ఊది, ప్యాకర్ బిగించాక ముందు శుభ్రమైన నీళ్లు పంపు చేయాలి. పగులులోంచి నీళ్లు బయటికి వస్తే ఆ రంధ్రం పగులును పట్టుకున్నట్టు. రాకపోతే ఆ రంధ్రం దండగ, ఇంకొకటి వేయాలి. నీళ్లు పంపడం వల్ల ఇంకో మేలుంది. పీయూ పొంగడానికి తడి కావాలి.

నీళ్లు ధారగా వస్తుంటే ముందు వేగాన్ని తగ్గించాలి. పగులు నోటిని 25 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. లోతు చెక్కి, త్వరగా గట్టిపడే ప్లగ్ సిమెంట్ కూరుతారు. గాడి పక్కలు నిటారుగా ఉండాలి, లోపల కాస్త వెడల్పైతే మరీ మంచిది. వి ఆకారంలో చెక్కితే వెనక ఒత్తిడికి ముద్ద ఊడొస్తుంది. ఈ సిమెంట్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో బిగుస్తుంది, మన ఎండల్లో ఇంకా ముందే. ఒకసారికి పిడికెడే కలపాలి. చేతిలో వెచ్చదనం తెలియగానే గాడిలో కూరి కదలకుండా రెండు మూడు నిమిషాలు అదిమి పట్టాలి. గ్లవ్స్ తప్పనిసరి, చర్మం కాలుతుంది. ధార మరీ గట్టిగా ఉంటే అక్కడ ఒక చిన్న పైపు పెట్టి నీళ్లన్నీ దానిలోకి మళ్లించి, చుట్టూ ప్లగ్ చేసి, గ్రౌటింగ్ అయ్యాక చివర్లో ఆ పైపును మూయాలి.

రెసిన్ సంగతి. మీకు కావలసింది హైడ్రోఫోబిక్ పీయూ, అంటే నీటితో పొంగి నురగై గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పీల్చనిది. హైడ్రోఫిలిక్ రకం జెల్లు నీళ్లు తాగి ఉబ్బి పగులును మూస్తాయి, ఎండిపోతే కుంచించుకుంటాయి. ఏడాదంతా నీళ్లలో ఉండే గోడకు అవి బాగుంటాయి. మన దగ్గర గోడ ఏప్రిల్, మే నెలల్లో ఎండుతుంది, జూన్‌లో మళ్లీ తడుస్తుంది. మీ పగుళ్లకు అవి వద్దు. కొటేషన్‌లో ఏ రకమో రాయించుకోండి, డబ్బా మీద డేటాషీట్ చూపించమనండి.

రెసిన్‌ను త్వరగా పొంగించే యాక్సిలరేటర్ ఎంత కలపాలో డేటాషీట్ చెబుతుంది. అయినా పని చోట కప్పులో కాస్త రెసిన్ పోసి ఆ గోడలోంచి వచ్చే నీళ్లే నాలుగు చుక్కలు కలిపి ఎన్ని సెకన్లకు పొంగుతుందో చూడాలి. నీళ్లు చల్లగా ఉంటే నెమ్మదిస్తుంది. మరీ తొందరగా పొంగితే పగులు లోతుకు పోకముందే దారి మూసుకుంటుంది. రెసిన్ పోసే డబ్బా, పంపు గిన్నె పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక తడి చెంబు వాడితే పంపు లోపలే గడ్డకడుతుంది.

నిలువు పగులుకు ఎప్పుడూ అడుగు ప్యాకర్ నుంచి మొదలుపెట్టాలి. ఒత్తిడి తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. రెసిన్ పై ప్యాకర్‌లోంచి గానీ పక్క పగులులోంచి గానీ కనిపించగానే ఆపి, పై ప్యాకర్‌కు జరగాలి. పైదాకా వెళ్లాక, రెసిన్ పూర్తిగా బిగియకముందే మళ్లీ కిందినుంచి రెండో దఫా కొట్టాలి. మొదటి దఫా నురగ నీళ్లను నెట్టేస్తుంది, కానీ అందులో గాలి బుడగలుంటాయి. రెండో దఫా వాటిని గట్టిపరుస్తుంది. శాశ్వతంగా నిలవాలంటే మొదట నురగ పీయూ, తర్వాత అవే ప్యాకర్లలోంచి పొంగని సాగే రకం టూ కాంపొనెంట్ (రెండు ద్రవాలు కలిపి వాడే) పీయూ రెసిన్ కొట్టాలి. ఒక్క నురగతో ముగించే పనులే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కారతాయి.

రెసిన్ లెక్క మీరే వేసుకోవచ్చు. పగులు 2.1 మీటర్ల ఎత్తు, 0.25 మీటర్ల మందం, 0.4 మి.మీ. వెడల్పు అనుకుంటే ఖాళీ 0.21 లీటరు. వృథా, వెనక మట్టిలోకి పోయేది కలుపుకున్నా పగులుకు కిలో లోపు అయిపోవాలి. ఒక పగులులో ఐదారు కిలోలు పోతున్నాయంటే అది గోడలో లేదు, గోడ వెనక బొరియలోకి పోతోంది. అక్కడ ఆపి, ఆ బొరియ సంగతి పైనుంచి చూడాలి. నాజిల్ లెక్కన బిల్లయితే నాజిళ్లు పెరుగుతాయి, కిలో లెక్కనైతే రెసిన్ మట్టిలోకి పోతుంది. లీకు చోటుకు ఇంత అని మాట్లాడుకుని, ఒక పూర్తి వానాకాలం గడిచేదాకా కొంత సొమ్ము ఆపుకోవడం నా దృష్టిలో న్యాయమైన పద్ధతి.

24 గంటల తర్వాత ప్యాకర్లు తీసేసి రంధ్రాలను ఆరినా కుంచించుకోని నాన్ ష్రింక్ గ్రౌట్‌తో నింపాలి. బయటికొచ్చిన నురగను గీకేయాలి.

ఎపాక్సీ ఎందుకు కాదంటే, అది పొడి పగులుకు. పగులు ముఖాలను మళ్లీ అతికించి బలం తెస్తుంది. మీకు బలం సమస్య లేదు, నీటి సమస్య ఉంది. తడి పగులులో ఎపాక్సీ సరిగా పట్టదు. ఇంకో మాట, పీయూ ఎక్కించిన పగులులో తర్వాత ఎపాక్సీ వేద్దామంటే కుదరదు, నురగ మీద అది అతుక్కోదు. ఇంజనీరు బలం కావాలంటే ముందే ఆ దారి పట్టాలి.

జాగ్రత్తలు రెండు మాటల్లో: పీయూలో ఐసోసయనేట్ అనే హానికర రసాయనం ఉంటుంది, కళ్లద్దాలు, గ్లవ్స్, మాస్క్, సెల్లార్‌లో గాలి ఆడేలా ఫ్యాన్లు. నీళ్లున్న నేల మీద డ్రిల్లు వాడతారు కాబట్టి ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్టేసే స్విచ్) లేకుండా ప్లగ్ పెట్టనివ్వొద్దు.


కొండాపూర్_కార్యదర్శి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. పగుళ్లు కొలిచాం, 0.3 నుంచి 0.5 మి.మీ. ముఖాలు ఒకే మట్టంలో ఉన్నాయి, అడ్డ పగులు ఎక్కడా లేదు. నీళ్లు తేటగానే ఉన్నాయి. సంపు రాత్రికి 15 మి.మీ. దిగింది, వాల్వు గట్టిగానే ఉంది. గోడా నేలా కలిసే చోటకూ, గుండ్రటి మచ్చలకూ కూడా ఇదే పద్ధతా?


గ్రౌటింగ్_పని:

సంపు ముందు బాగుచేయించండి. అది ఖాళీ చేసి ఆరనిచ్చాక మూలలో తడి తగ్గుతుందేమో వారం రెండు వారాలు చూసి, అప్పుడు ఆ మూలలో గ్రౌటింగ్ కావాలో వద్దో తేల్చండి. చాలాసార్లు అవసరం ఉండదు.

గోడా నేలా కలిసే చోటున్నది పగులు కాదు, కన్‌స్ట్రక్షన్ జాయింట్. రాఫ్ట్ పోసిన రోజు ఒకటి, గోడ పోసిన రోజు ఇంకొకటి. మధ్యలో వాటర్ స్టాప్ పట్టీ ఉండాలి. లేకపోయినా, ఉండీ కాంక్రీటు పోసేటప్పుడు మడత పడినా నీళ్లు వస్తాయి. ముందు అంచున ఫ్లోరింగ్ ఒక అడుగు వెడల్పున తీసి అసలు జాయింట్ ఎక్కడుందో చూడండి. కొందరు రాఫ్ట్ మీద 100 లేక 150 మి.మీ. ఎత్తున కిక్కర్ (గోడకు మొదలుగా పోసే చిన్న దిమ్మ) పోసి దాని మీద గోడ లేపుతారు, అప్పుడు జాయింట్ నేల మీద కాదు, జానెడు పైన ఉంటుంది. నేల అంచున చూసి డ్రిల్లు చేస్తే రంధ్రాలన్నీ దండగ. జాయింట్ తేలాక, దానికి 125 మి.మీ. పైనుంచి కిందికి 45 డిగ్రీల వాలులో వేయాలి. ఇక్కడ అటూ ఇటూ మార్చే వీల్లేదు, అన్నీ పైనుంచే. 250 మి.మీ.కు ఒకటి చొప్పున పన్నెండు మీటర్లకు దాదాపు యాభై ప్యాకర్లు. ఒక చివరనుంచి మొదలుపెట్టి వరసగా రెండో చివరకు వెళ్లాలి, మధ్యలో మొదలుపెడితే నీళ్లు లోపల చిక్కుకుంటాయి.

గుండ్రటి మచ్చలు షట్టరింగ్ టై రాడ్ (గోడ పోసేటప్పుడు రెండు వైపుల అచ్చు పలకలను కలిపి పట్టే కడ్డీ) రంధ్రాలు. రాడ్ బయటికి లాగడానికి ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి పోస్తారు, తర్వాత రెండు కొసలకూ సిమెంట్ రాసి ఊరుకుంటారు. గోడ ఆ వైపునుంచి ఈ వైపుకు నేరుగా పైపు వేసినట్టే. సిమెంట్ తీసేసి, ఆ ప్లాస్టిక్ పైపు కంటే పెద్ద బిట్‌తో 100 నుంచి 150 మి.మీ. లోతు వరకు పైపును పెకలించి, రంధ్రం గరుకుగా అయ్యాక నాన్ ష్రింక్ మోర్టార్‌ను పొడిపొడిగా కలిపి కడ్డీతో పొరలు పొరలుగా దట్టించాలి. కారుతుంటే అదే రంధ్రంలో ప్యాకర్ బిగించి పీయూ కొట్టి తర్వాత మోర్టార్. కారేవే కాదు, ఆ గోడలో ఉన్నవన్నీ చేయించండి. కారేవి మూశాక గోడ వెనక నీటి మట్టం పెరుగుతుంది, ఇవాళ పొడిగా ఉన్నవి రేపు కారతాయి.

ఎప్పుడు చేయించాలన్నారు. వానలు పడుతుండగానే లీకు చోట్లన్నీ పెయింటుతో గుర్తు పెట్టి ఫొటోలు తీసుకోండి. పని సెప్టెంబరు, అక్టోబరులో, గోడ తడిగా ఉండి ధార తగ్గినప్పుడు. మే నెలలో చేస్తే ఏది కారుతుందో తెలియదు, ఏది ఆగిందో కూడా తెలియదు.


సైట్_డ్రైనేజ్:

పైవాళ్లు గోడ గురించి అంతా చెప్పారు. గోడ దగ్గరకు నీళ్లెందుకు వస్తున్నాయన్నది కూడా చూడండి. మీరు రాసిన దాంట్లోనే జవాబుంది. రెండు మీటర్ల సెట్‌బ్యాక్‌లో ఇంకుడు గుంత, టెర్రస్ పైపులు. వాననీటిని తెచ్చి సెల్లార్ గోడ పక్కనే భూమిలోకి దింపుతున్నారు.

హైదరాబాద్ నేల తీరు తెలుసు కదా. పైన మొరం, కింద రాయి. సెల్లార్ కోసం రాయిని కొట్టి గుంత తీశారు, గోడ కట్టారు, గోడకూ రాయికీ మధ్య సందులో కూల్చిన ఇటుక ముక్కలు, వదులు మట్టి నింపారు. పైనుంచి ఇంకిన నీళ్లు రాతిలోకి పోలేవు, రాతి మీద జారి ఆ వదులు సందులో చేరి గోడకు ఆనుకుని నిలబడతాయి. బోర్లలో నీళ్లు ఎంత లోతుకు పోయినా సరే, సెల్లార్ గోడ వెనక మాత్రం తొట్టిలా నీళ్లు నిలబడతాయి. వాన పడ్డ మూడు నాలుగు గంటలకే కారడం అదే చెబుతోంది.

ఇంకుడు గుంత మంచిదే, తీసేయమనడం లేదు. సెల్లార్ గోడకు వీలైనంత దూరంగా, సెల్లార్ లేని పక్కకు మార్చండి. చోటు లేకపోతే టెర్రస్ నీళ్లను ముందు సంపులోకి వడగట్టి వాడుకుని, మిగిలింది మాత్రమే అక్కడికి పంపండి. టెర్రస్ పైపుల కింది బెండ్ దగ్గర పగిలి లోపలే కారుతుంటాయి, పైనుంచి నీళ్లు పోసి చూడండి. పేవింగ్ గోడనుంచి బయటికి వాలి ఉండాలి, మీటరుకు 20 మి.మీ. వాలు చాలు. పేవింగ్ గోడను తాకే అంచున 20 మి.మీ. గాడి తీసి పీయూ సీలెంట్ నింపండి. గోడ పక్కన మొక్కల తొట్లు, పచ్చిక ఉంటే అవి కూడా రోజూ నీళ్లు తాగిస్తున్నట్టే.

బయట తవ్వి మెంబ్రేన్ వేయాలన్న సభ్యుల మాట సిద్ధాంతం ప్రకారం సరైనదే. నీళ్లు వచ్చే వైపు ఆపడమే అన్నిటికంటే గట్టి పని. కానీ రెండు మీటర్ల సెట్‌బ్యాక్‌లో పది అడుగులు నిటారుగా తవ్వితే పక్కవాళ్ల కాంపౌండ్ గోడ దిగిపోతుంది, మట్టి విరిగి మనిషి మీద పడుతుంది. షోరింగ్ (మట్టి విరగకుండా పెట్టే ఆధారాలు) లేకుండా అది చేయించకూడదు. లోపలి గ్రౌటింగ్ ఫలించని చోట మాత్రమే, చిన్న చిన్న ముక్కలుగా, ఎండాకాలంలో చేయించుకోవచ్చు. అప్పుడు మెంబ్రేన్ మీద నీళ్లను కిందికి దించే డ్రెయిన్ బోర్డు, అడుగున జియోటెక్స్‌టైల్ (నీళ్లను వదిలి మట్టిని ఆపే బట్ట) చుట్టిన చిల్లుల పైపు, 20 మి.మీ. కంకర కూడా వేసి ఆ పైపును పంపు గుంతకు కలపాలి. మెంబ్రేన్ ఒక్కటే వేసి మట్టి పూడ్చేస్తే పూడ్చేటప్పుడే రాళ్లకు చిరుగుతుంది.

గ్రౌటింగ్ తర్వాత కూడా కొంచెం చెమ్మ ఉంటుందని అనుకుని, గోడ వెంట 100 మి.మీ. వెడల్పు, 75 మి.మీ. లోతు కాలువ, చివర ఫ్లోట్ స్విచ్ పంపు ఉన్న గుంత పెట్టించండి. పంపులు రెండుండాలి, రెండోది జనరేటర్ లైను మీద. వాన గట్టిగా పడేటప్పుడే కరెంటు పోయేది. రాఫ్ట్ ఉన్న చోట కాలువ ఫ్లోరింగ్ మందంలోనే తీయాలి, రాఫ్ట్ కాంక్రీటును కోయకూడదు.


ఎడిసన్_నుంచి:

న్యూజెర్సీలో పాత ఇల్లు, బేస్‌మెంట్ గోడ డొల్ల కాంక్రీటు బ్లాకులతో కట్టింది. మంచు కరిగినప్పుడు, గాలివానలప్పుడు బ్లాకుల సందుల్లోంచి మెట్లు మెట్లుగా పోయిన పగుళ్లలో తడి. పైన చెప్పిన పీయూ ఇంజెక్షన్ దీనికి పనికొస్తుందా?


స్ట్రక్చరల్_డిజైన్:

పనికిరాదండీ. బ్లాకు లోపల ఖాళీ. రెసిన్ ఆ ఖాళీలోకి జారిపోతుంది, పగులు నిండదు. నీళ్లు కూడా ఒక చోట బ్లాకులోకి దూరి లోపల కిందికి దిగి వేరే చోట బయటపడతాయి కాబట్టి కనిపించే పగులు అసలు దారి కాకపోవచ్చు. అలాంటి గోడలకు అక్కడ చేసేది వేరు. అడుగు వరస బ్లాకులకు లోపలి వైపు రంధ్రాలు పెట్టి ఖాళీల్లో చేరిన నీళ్లను దించి, నేల అంచున స్లాబు కోసి కంకరలో చిల్లుల పైపు వేసి సంప్ పంపుకు కలుపుతారు (అక్కడ సంప్ అంటే ఊట నీళ్లు చేరే గుంత). ఇంటికి రేడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) వెంటిలేషన్ ఉంటే ఆ సంప్ మూత గాలి చొరకుండా సీల్ చేయించాలి.

దానికంటే ముందు ఖర్చు లేనివి చూడండి. గట్టర్లు ఆకులతో నిండకుండా, డౌన్‌స్పౌట్ నీళ్లు గోడకు కనీసం ఆరడుగుల అవతల పడేలా పొడిగింపు, ఇంటి చుట్టూ మొదటి పది అడుగుల్లో నేల ఆరంగుళాలు బయటికి వాలేలా మట్టి. అక్కడి రెసిడెన్షియల్ కోడ్ అడిగే వాలు కూడా అదే. గోడ లోపలికి పొట్ట వచ్చినట్టు కనిపిస్తే నిలువు దారం పట్టి ఎంత వంగిందో కొలిచి లైసెన్స్ ఉన్న ఇంజనీరుకు చూపించండి, ఆ గోడకు నీటి పని తర్వాత సంగతి.

మీ ఇంటి గోడ పోత కాంక్రీటుదైతే వేరే మాట. ఎనిమిదంగుళాల మందం గోడలకు అక్కడ డ్రిల్లింగ్ లేకుండానే పగులు మీద ఎనిమిదంగుళాలకొక పోర్టు ఎపాక్సీ పేస్టుతో అతికించి, తక్కువ ఒత్తిడిలో అడుగునుంచి పైకి నింపడం మామూలే.


కొండాపూర్_కార్యదర్శి:

సంపు పని మొదలుపెట్టించాం. గ్రౌటింగ్ వాళ్లను రెండు దఫాల రెసిన్, హైడ్రోఫోబిక్ రకం పేరు, నీటి పరీక్ష, లీకు చోటు లెక్క ఇవన్నీ రాసి కొత్త కొటేషన్ ఇమ్మన్నాం. ఆఖరి సందేహం: గ్రౌటింగ్ అయ్యాక గోడ మీద క్రిస్టలైన్ కోటింగ్ కూడా వేస్తామంటున్నారు. అవసరమా?


గ్రౌటింగ్_పని:

లీకులు ఆగాక, గోడంతా పలచగా చెమ్మ ఊరే చోట ఉంటే వేయించండి, లేకపోతే వద్దు. వేయించేట్టయితే పాత పెయింటు, పుట్టీ, ప్లాస్టర్ అంతా తీసి అసలు కాంక్రీటు గరుకుగా కనిపించాలి. అది కాంక్రీటు రంధ్రాల్లోకి దిగి పనిచేస్తుంది, పెయింటు మీద వేస్తే సున్నం కొట్టినట్టే. ముందు గోడ బాగా తడిపి, పైన నీళ్లు నిలవకుండా తుడిచి, ఒక్కో కోటుకు చదరపు మీటరుకు సుమారు 0.8 కిలోల చొప్పున రెండు కోట్లు బ్రష్‌తో పట్టించాలి. రెండోది మొదటిది ఇంకా పచ్చిగా ఉండగానే, అడ్డదిశలో. తర్వాత మూడు రోజులు రోజుకు మూడుసార్లు నీళ్లు చిమ్మాలి. ఎక్కువ చోట్ల ఈ తడపడమే ఎగ్గొడతారు, అందుకని వాచ్‌మన్‌కు అప్పజెప్పి గోడ మీద తేదీలు రాయించండి.